రెండు తెరలు, రెండు తెలుపులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ల్యాప్‌టాప్ పక్కన ఇంకో మానిటర్ పెట్టుకుని పనిచేసేవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలన్నిటిలో కష్టం ఒకటే: రెండిటిలో రంగులు కలవడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మాట. రెండు తెరలూ ఒకేలా కనిపించడం ఒక పని, రంగు ఉన్నదున్నట్టు కనిపించడం ఇంకో పని. మొదటిది కాస్త ఓపిక ఉంటే కంటితోనే చేసుకోవచ్చు. రెండోదానికి కొలిచే పరికరం ఉండాల్సిందే. మీకు కావాల్సింది ఏదో ముందే తేల్చుకోండి. చాలామంది మొదటిదానికి వాడాల్సిన ఉపాయాలతో రెండోది సాధించబోయి విసిగిపోతున్నారు.

ప్రశ్న: కొత్త మానిటర్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించాను. ఖాళీ డాక్యుమెంట్ తెరిస్తే ల్యాప్‌టాప్‌లో తెలుపు కాస్త పసుపుగా, మానిటర్‌లో నీలం కొడుతూ కనిపిస్తోంది. ఏది అసలు తెలుపు? పరికరాలేవీ లేకుండా రెండిటినీ కలపొచ్చా?

జవాబు: బహుశా రెండూ కాదు. కంప్యూటర్ రెండు తెరలకూ ఒకే అంకెలు పంపుతుంది. తెలుపు అంటే ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 255, అంతే. ఆ 255 ఎంత వెలుగో, ఏ ఛాయో తేల్చేది తెర. వెనక వెలిగే ఎల్‌ఈడీలు, ముందున్న రంగు ఫిల్టర్లు, కంపెనీవాళ్లు పెట్టి పంపిన సెట్టింగ్, ఇవన్నీ ఒక్కో తెరకి ఒక్కో రకం. అందరూ ప్రమాణంగా పెట్టుకున్న తెలుపు ఒకటుంది. దాన్ని డీ65 అంటారు, సుమారు 6500 కెల్విన్ (తెలుపు ఛాయను చెప్పే కొలమానం). షోరూమ్‌లో మెరిసిపోవాలని చాలా మానిటర్లను దానికన్నా నీలంగా, అవసరానికి మించిన వెలుగుతో పంపుతారు.

పరికరం లేకుండా కలపొచ్చు. అయితే వరస తప్పకూడదు. మొట్టమొదట, తమంతట తాము రంగు మార్చేవాటిని ఆపేయాలి. విండోస్‌లో నైట్ లైట్, మ్యాక్‌లో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్ ఆపండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి బ్రైట్‌నెస్ పక్కన ఉన్న బాణం నొక్కితే, తెర మీద ఉన్న బొమ్మను బట్టి బ్రైట్‌నెస్ మార్చే అంశం ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఆఫ్‌లో పెట్టండి. గది వెలుతురును బట్టి బ్రైట్‌నెస్ మార్చేది ఉంటే అదీ ఆపండి. ఏఎండీ గ్రాఫిక్స్ ఉంటే దాని సాఫ్ట్‌వేర్‌లో వేరి-బ్రైట్‌ను, ఇంటెల్ అయితే గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో పవర్ కింద ఉండే డిస్‌ప్లే పవర్ సేవింగ్‌ను తీసేయండి. ఈ రెండూ బ్యాటరీ మీద ఉన్నప్పుడే పనిచేస్తాయి. పొద్దున ఛార్జర్ పెట్టి కుదుర్చుకున్న రంగు సాయంత్రం ఛార్జర్ తీయగానే మారిపోతోందంటే చాలాసార్లు కారణం ఇవే. మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, బ్లూ లైట్ తగ్గించే మోడ్ లాంటివి ఏవున్నా ఆఫ్ చేయండి.

తర్వాత రెండు తెరలనూ అరగంట వెలగనివ్వండి. చల్లగా ఉన్న బ్యాక్‌లైట్ వెలుగు, ఛాయ నిలకడగా ఉండవు.

ఇప్పుడు వెలుగు. రంగు జోలికి పోకముందే బ్రైట్‌నెస్ కలపాలి, ఎందుకంటే ఎక్కువ వెలిగే తెర తెల్లగా, పక్కది మురికిగా కనిపించి కంటిని మోసం చేస్తుంది. సాధారణంగా వెలుగు తక్కువుండేది ల్యాప్‌టాప్‌లోనే. చాలా ల్యాప్‌టాప్‌లు పూర్తిగా పెంచినా 250, 300 నిట్స్ (తెర వెలుగుకు కొలమానం) దగ్గర ఆగిపోతాయి. అందుకని ల్యాప్‌టాప్‌ను మీ గదికి హాయిగా ఉండే స్థాయిలో ఉంచి, మానిటర్‌ను దాని దగ్గరికి దించండి. హాయి అంటే ఎంత? తెర పక్కన, గది వెలుతురులో ఒక తెల్ల కాగితం పట్టుకోండి. తెర కాగితంలా కాక దీపంలా కనిపిస్తుంటే ఎక్కువున్నట్టు. ల్యాప్‌టాప్‌లో కుదిరిన శాతం అంకెను రాసిపెట్టుకోండి. బ్రైట్‌నెస్ మీట ఒక్కసారి తగిలినా చేసిన పని పోతుంది, తిరిగి రావడానికి ఆ అంకె కావాలి.

ఆఖర్న తెలుపు. మానిటర్ మెనూలో కలర్ టెంపరేచర్ కింద యూజర్ లేదా కస్టమ్ అని ఉంటుంది. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు మూడు అంకెలు ఉంటాయి, మామూలుగా మూడూ 100 లేదా 50 దగ్గర మొదలవుతాయి. రెండు తెరల మీదా ఖాళీ తెల్ల పేజీ నిండుగా పెట్టుకుని మానిటర్ ఏ రంగు వైపు మొగ్గుతోందో చూడండి. నీలం కొడుతుంటే నీలాన్ని 100 నుంచి 97కి, ఆపైన 95కి, అలా రెండు మూడు అంకెల చొప్పున దించండి. పెంచొద్దు. పూర్తిగా ఉన్న రంగును ఇంకా పెంచితే లేత ఛాయలన్నీ ఒకే తెలుపులో కలిసిపోతాయి. నీలం తగ్గించాక తెలుపు ఆకుపచ్చగా అనిపిస్తే ఆకుపచ్చను ఒకటి రెండు అంకెలు దించండి. ఒక్కో మార్పుకీ మధ్య కిటికీలోంచి దూరంగా కాసేపు చూసి మళ్లీ రండి. కన్ను రెండు నిమిషాల్లోనే ఎదురుగా ఉన్న తెలుపుకు అలవాటు పడిపోతుంది. తదేకంగా చూస్తూ కుదిరిస్తే ఏదైనా కుదిరినట్టే ఉంటుంది. మూడు రంగులు దించితే మొత్తం వెలుగూ కొంత తగ్గుతుంది కాబట్టి చివర్లో మానిటర్ బ్రైట్‌నెస్ ఇంకోసారి సరిచూడండి.

మానిటర్‌నే ఎందుకు మార్చమంటున్నామంటే, ల్యాప్‌టాప్ తెరకి ఇలాంటి అంకెలు ఉండవు. దాని తెలుపు మార్చాలంటే గ్రాఫిక్స్ చిప్‌లో రంగు అంకెలను సవరించే పట్టికను మార్చాలి. అప్పుడు ఒక్కో రంగుకున్న 256 మెట్లలో కొన్ని పోతాయి, ఆకాశం లాంటి నునుపైన చోట చారలు పడతాయి. మానిటర్‌లో లోపలి లెక్క సాధారణంగా ఇంతకన్నా సన్నగా జరుగుతుంది.

ఒక జాగ్రత్త. రెండు తెరల మధ్యా కూర్చుని పోల్చేటప్పుడు ల్యాప్‌టాప్ మూతను ముఖానికి ఎదురుగా వచ్చేలా వంచండి. టీఎన్ రకం తెర అయితే పైభాగం ఒక ఛాయ, కింది భాగం ఇంకో ఛాయగా కనిపిస్తుంది. అలాంటిదాన్ని పక్క నుంచి చూస్తూ ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు.

ప్రశ్న: మానిటర్‌లో నలుపు నలుపుగా లేదు, బూడిద పూసినట్టుంది. ల్యాప్‌టాప్‌లో అదే బొమ్మ బాగుంది. కాంట్రాస్ట్ పెంచినా అంతే. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాను.

జవాబు: కాంట్రాస్ట్‌ను మళ్లీ మొదటి స్థానానికి తెచ్చేయండి, తప్పు అక్కడ లేదు. టీవీలకు వెళ్లే సంకేతంలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. హెచ్‌డీఎంఐలో కలిపినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ మీ మానిటర్‌ను టీవీ అనుకుని 16 నుంచి 235 దాకానే పంపుతోంది. మానిటర్ మాత్రం 0 నుంచి 255 అనుకుని చూపిస్తోంది. దాని దృష్టిలో 16 అంటే బూడిద. తెలుపు కూడా మసకబారి ఉంటుంది, గమనించండి.

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజొల్యూషన్ పేజీ కిందికి వెళ్లి, ఎన్విడియా కలర్ సెట్టింగ్స్ వాడేలా ఎంచుకోండి. అవుట్‌పుట్ కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ, అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ ఫుల్ పెట్టి అప్లై నొక్కండి. ఏఎండీలో డిస్‌ప్లే కింద పిక్సెల్ ఫార్మాట్‌ను ఆర్‌జీబీ 4:4:4 ఫుల్ చేయాలి. ఇంటెల్‌లో క్వాంటైజేషన్ రేంజ్ అని ఉంటుంది, దాన్ని ఫుల్ చేయండి. మానిటర్ మెనూలో కూడా బ్లాక్ లెవెల్ లేదా ఆర్‌జీబీ రేంజ్ అనే అంశం ఉంటే చూడండి. రెండు వైపులా ఒకటే ఉండాలి. తిరగబడితే, అంటే కంప్యూటర్ ఫుల్ పంపుతుంటే మానిటర్ లిమిటెడ్ అనుకుంటే, నీడల్లో వివరాలన్నీ కారునలుపులో మునిగిపోతాయి.

ఇదే పేజీలో ఇంకో సంగతి. ఫార్మాట్ 4:2:2 లేదా 4:2:0లో ఉంటే రంగు సమాచారం సగమో, పావో మాత్రమే వెళ్తుంది. నల్ల నేల మీద ఎర్ర అక్షరాలు అంచులు కరిగినట్టు కనిపిస్తే అది ఇదే. కేబుల్‌కో పోర్ట్‌కో అంత రిజొల్యూషన్, అంత రిఫ్రెష్ రేట్ మోసే శక్తి లేక డ్రైవర్ ఇలా కుదిస్తుంది. రిఫ్రెష్ రేట్ తగ్గించి చూడండి, లేదా డిస్‌ప్లే పోర్ట్‌కు మారండి.

ప్రశ్న: ఖరీదైన కేబుల్ వేస్తే రంగులు మెరుగవుతాయా?

జవాబు: అవ్వవు. వెళ్లేవి అంకెలు. అవి చేరితే చేరినట్టు, లేకపోతే తెర మినుకుమనడం, చుక్కలు పడడం, పూర్తిగా నల్లబడడం జరుగుతుంది. కేబుల్ వల్ల ఎరుపు కాస్త మంచి ఎరుపు అవడమన్నది లేదు. పైన చెప్పిన 4:2:0 ఇబ్బంది ఉన్నప్పుడు మాత్రం ఎక్కువ వేగం మోసే కేబుల్ అవసరపడుతుంది.

ప్రశ్న: తెలుపు కలిసింది. కానీ ఎర్ర చీర కట్టుకున్న ఒక ఫొటో ల్యాప్‌టాప్‌లో ఇటుక రంగులో, మానిటర్‌లో నిప్పులా మండుతూ కనిపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో శాచురేషన్ ఎంత పెంచినా మానిటర్‌లా రావడం లేదు.

జవాబు: రాదు. శాచురేషన్ పెంచడం ఆపేయండి, దానివల్ల చీర మడతల్లో ఉన్న ఛాయలు కూడా పోతాయి. ఒక తెర చూపించగలిగిన గాఢతకు హద్దు ఉంటుంది. దాన్ని గామట్ అంటారు. ల్యాప్‌టాప్ వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే, అది 1953 నాటి టీవీ ప్రమాణంతో పోల్చిన లెక్క. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఎస్‌ఆర్‌జీబీలో అరవై శాతానికి కాస్త అటూఇటూ. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే విస్తీర్ణంలో దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ప్రమాణం. ఇంటర్‌నెట్‌లో బొమ్మలు ఈనాటికీ ఎక్కువగా ఆ లెక్కలోనే ఉంటాయి. మీ మానిటర్ బహుశా పీ3 రకం, అంటే ఎస్‌ఆర్‌జీబీ కన్నా వెడల్పైనది, ముఖ్యంగా ఎరుపు, ఆకుపచ్చల్లో.

ఇక్కడ రెండు తప్పులు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఫొటోలో ఉన్న ఎరుపును అందుకోలేకపోతోంది. మానిటర్ ఉన్నదానికన్నా పెంచి చూపిస్తోంది. మొదటిది తెర మార్చితే తప్ప బాగుపడదు. రెండోది నిమిషంలో బాగవుతుంది: మానిటర్ మెనూలో పిక్చర్ మోడ్‌ను ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. నిప్పులాంటి ఎరుపు చల్లారి చీర అసలు రంగు వస్తుంది. చప్పగా అనిపిస్తుంది కూడా, రెండు మూడు రోజుల్లో కన్ను సర్దుకుంటుంది. కొన్ని మానిటర్లలో ఈ మోడ్‌లోకి వెళ్తే బ్రైట్‌నెస్, రంగుల అంకెలు తాళం పడిపోతాయి. మీదీ అలాంటిదైతే, తెలుపు మీరు కుదిర్చిన చోట ఉండదు. అప్పుడు ఎంచుకోవాల్సి వస్తుంది. ఫొటోల పని చేసేవాళ్లు ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌నే ఉంచుకోవడం మంచిదని మా అభిప్రాయం. తెలుపులో కొద్దిపాటి తేడాకు కన్ను అలవాటు పడుతుంది. ఎర్రబడిన ముఖాలకు అలవాటు పడితే మాత్రం ఎడిట్ చేసే ప్రతి ఫొటోలో ఎరుపు తగ్గించేస్తారు.

ఎడిట్ చేసే తెరగా మానిటర్‌నే పెట్టుకోండి. ల్యాప్‌టాప్ తెర మీద మెనూలు, ఫోల్డర్లు ఉంచుకోండి.

ప్రశ్న: మానిటర్ కంపెనీ ఇచ్చిన కలర్ ప్రొఫైల్ విండోస్‌లో వేశాను. డెస్క్‌టాప్ రంగుల్లో ఇసుమంత మార్పు లేదు. ఫొటో ఎడిటర్‌లో మాత్రం మారింది. ప్రొఫైల్ పనిచేస్తున్నట్టా, లేనట్టా?

జవాబు: పనిచేస్తోంది. ప్రొఫైల్ అంటే తెర రంగును మార్చే మందు కాదు, తెర ఎలా ఉందో చెప్పే చీటీ. "నా ఎరుపు ఇంత, నా తెలుపు ఇక్కడ" అని అందులో రాసి ఉంటుంది. ఆ చీటీ చదివి అంకెలు సరిచేసుకోవాల్సిన బాధ్యత ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది. ఫొటో ఎడిటర్లు చదువుతాయి. విండోస్ డెస్క్‌టాప్, చాలా మామూలు ప్రోగ్రాములు చదవవు. అందుకే ఒకే ఫొటో ఎడిటర్‌లో ఒకలా, వాల్‌పేపర్‌గా ఇంకోలా కనిపిస్తుంది.

పరికరంతో కొలిచి తయారుచేసిన ప్రొఫైల్‌లో దీంతోపాటు ఇంకో భాగం ఉంటుంది, గ్రాఫిక్స్ చిప్‌లోకి ఎక్కించే పట్టిక. అది తెలుపునీ బూడిద ఛాయల్నీ సరిచేస్తుంది, దాని ప్రభావం తెర మొత్తం మీదా కనిపిస్తుంది. కానీ రంగుల గాఢతను అది మార్చలేదు. కంపెనీ ఇచ్చిన ప్రొఫైళ్లలో ఈ పట్టిక సాధారణంగా ఉండదు.

విండోస్‌లో వెతికే చోట కలర్ మేనేజ్‌మెంట్ అని కొట్టి తెరవండి. డివైసెస్ ట్యాబ్‌లో పైన ఏ తెర ఎంచుకున్నారో తప్పకుండా చూడండి. ఐడెంటిఫై మానిటర్స్ నొక్కితే తెరల మీద నంబర్లు పడతాయి. ల్యాప్‌టాప్ ప్రొఫైల్ మానిటర్‌కీ, మానిటర్‌ది ల్యాప్‌టాప్‌కీ తగిలించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పరికరానికి నా సెట్టింగ్స్ వాడు అన్న గడిలో టిక్ పెట్టి, యాడ్‌తో ప్రొఫైల్ చేర్చి, డీఫాల్ట్‌గా పెట్టండి. కొలిచి చేసిన ప్రొఫైల్ అయితే ఇంకో మెట్టుంది. అడ్వాన్స్‌డ్ ట్యాబ్, చేంజ్ సిస్టమ్ డీఫాల్ట్స్, మళ్లీ అక్కడి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో విండోస్ డిస్‌ప్లే కాలిబ్రేషన్ వాడాలన్న గడికి టిక్ పెట్టాలి. లేకపోతే ఆ పట్టిక ఎక్కకపోవచ్చు.

విండోస్ 11 కొత్త వెర్షన్లలో, హార్డ్‌వేర్ అనుకూలిస్తే, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కలర్ ప్రొఫైల్ కింద యాప్‌ల రంగులను తనే చూసుకునే అంశం ఉంటుంది. మీ మానిటర్ వెడల్పు గామట్‌దైతే దాన్ని ఆన్ చేసి చూడండి, ప్రొఫైల్ చదవని ప్రోగ్రాములు కూడా దారికొస్తాయి.

బ్రౌజర్ సంగతి. ఫైర్‌ఫాక్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ పేజీలో కలర్ మేనేజ్‌మెంట్ అని వెతికితే "మోడ్" అన్న మాటతో ముగిసే వరస ఒకటి వస్తుంది. అందులో 2 ఉంటే ప్రొఫైల్ అతికించి ఉన్న బొమ్మలనే సరిచేస్తుంది. 1 పెడితే అన్నిటినీ సరిచేస్తుంది.

ఫొటోను రెండు తెరల మీద పోల్చేటప్పుడు విండోను సగం ఇటు సగం అటు లాగి చూడకండి. ప్రొఫైల్ చదివే ప్రోగ్రాములు ఎక్కువ భాగం ఏ తెర మీద ఉంటే ఆ తెర ప్రొఫైల్‌నే విండో మొత్తానికి వాడతాయి. అతుకు దగ్గర కనిపించే తేడా నిజమైన తేడా కాదు. ఒకే ఫొటోను రెండు విండోల్లో తెరిచి, ఒక్కోదాన్ని పూర్తిగా ఒక్కో తెర మీద పెట్టండి. తెరలు డూప్లికేట్‌లో కాకుండా ఎక్స్‌టెండ్‌లో ఉండాలి.

ప్రశ్న: హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపించే మోడ్) ఆన్ చేయగానే మానిటర్ వెలిసిపోయినట్టు తయారైంది.

జవాబు: ఆఫ్ చేయండి. హెచ్‌డీఆర్ సినిమా, ఆట నడిచేటప్పుడు మాత్రమే ఆన్ చేసుకోండి. హెచ్‌డీఆర్‌లో ఉన్నంతసేపూ మామూలు డెస్క్‌టాప్ వెలుగు వేరే లెక్కన నడుస్తుంది, మానిటర్ మెనూలో చాలా అంకెలు తాళం పడతాయి. ఆన్‌లోనే ఉంచక తప్పదనుకుంటే విండోస్ హెచ్‌డీఆర్ పేజీలో ఎస్‌డీఆర్ కంటెంట్ బ్రైట్‌నెస్ స్లైడర్‌తో వెలుగు కలుపుకోవచ్చు, అంతకుమించి ఆశించొద్దు.

ప్రశ్న: రంగుల తేడా చూపించడానికి రెండు తెరల స్క్రీన్‌షాట్‌లు స్నేహితుడికి పంపాను. రెండూ ఒకేలా ఉన్నాయంటున్నాడు.

జవాబు: నిజమే చెప్పారు. స్క్రీన్‌షాట్ తెరకు వెళ్లేముందు ఉన్న అంకెల నకలు. తేడా పుట్టేది ఆ అంకెలు తెర చేరాక. ఫోన్ కెమెరాతో తీసినా తేడా సరిగ్గా రాదు, తెలుపును కెమెరా తనకు తోచినట్టు సర్దేస్తుంది. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ రెండూ బిగించి, రెండు తెరలూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా తీస్తే వెలుగులో తేడా కొంతవరకు తెలుస్తుంది. ఛాయ విషయంలో కెమెరా సాక్ష్యం నమ్మకండి.

ప్రశ్న: మ్యాక్‌బుక్‌తో వేరే కంపెనీ మానిటర్ వాడుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ట్రూ టోన్ ఆపడంతో. అది గది వెలుతురును బట్టి మ్యాక్ తెలుపును మారుస్తూనే ఉంటుంది, మానిటర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మ్యాక్‌ఓఎస్‌లో రంగుల లెక్క వ్యవస్థ మొత్తానికీ ఉంటుంది కాబట్టి విండోస్‌లో కన్నా ఇబ్బంది తక్కువ. సిస్టమ్ సెట్టింగ్స్, డిస్‌ప్లేస్‌లో మీ మానిటర్‌ను ఎంచుకుని కలర్ ప్రొఫైల్ చూడండి. మానిటర్‌ను ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెడితే ఇక్కడా ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ పెట్టండి, పీ3 మోడ్‌లో పెడితే డిస్‌ప్లే పీ3. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి ఉంటే రంగులు చప్పబడతాయి, లేదా మండిపోతాయి. పరికరం లేనివాళ్లకు అదే మెనూలో కస్టమైజ్ నొక్కి, ప్లస్ గుర్తు నొక్కితే కంటితో కుదిర్చే సహాయకం తెరుచుకుంటుంది. తెలుపు కుదర్చడానికి మాత్రం మానిటర్ మెనూలోని అంకెలే మేలు.

ప్రశ్న: కాలిబ్రేటర్ (తెర రంగును కొలిచే పరికరం) కొన్నాను. రెండు తెరలకూ 6500 కెల్విన్ పెట్టి కొలిచాను. రెండూ సరిగ్గా ఉన్నాయని రిపోర్ట్ వచ్చింది. కంటికి మాత్రం ఓలెడ్ (ప్రతి చుక్కా తనే వెలిగే తెర) ల్యాప్‌టాప్ కాస్త ఆకుపచ్చగా, మానిటర్ గులాబీ ఛాయతో కనిపిస్తున్నాయి. పరికరం చెడిపోయిందా?

జవాబు: మీ కన్నూ మంచిదే, పరికరమూ మంచిదే అయ్యుండొచ్చు. ముందు పరికరం వైపు నుంచి జరిగే పొరపాటు చూద్దాం. కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో తెర రకం అడుగుతుంది: తెల్ల ఎల్‌ఈడీ, వెడల్పు గామట్ ఎల్‌ఈడీలో రకాలు, ఓలెడ్. కలరీమీటర్లో, అంటే ఇలాంటి కొలిచే పరికరంలో, ఉండే ఫిల్టర్లు మనిషి కంటికి దగ్గరగా ఉంటాయే తప్ప అచ్చం కంటిలా ఉండవు. ఏ రకం వెలుగో చెబితేనే ఆ తేడాను సరిచేసుకోగలవు. రెండు తెరలకూ ఒకే రకం ఎంచుకుని కొలిచి ఉంటే, రెండిటిలో ఒకటి తప్పకుండా తప్పు. ఓలెడ్‌కు ఓలెడ్, మానిటర్‌కు దాని బ్యాక్‌లైట్ రకం పెట్టి మళ్లీ కొలవండి.

కొలిచే పద్ధతి కూడా సరిచూసుకోండి. అరగంట వేడెక్కాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద ఉండాలి. మూతను బాగా వెనక్కి వాల్చి, పరికరం తెరకు చదునుగా ఆనేలా పెట్టాలి. అంచు లేచి గది వెలుతురు దూరితే నలుపు కొలత పాడవుతుంది. ముందు ల్యాప్‌టాప్ గరిష్ఠ వెలుగు కొలిచి, రెండిటికీ అందే ఒక స్థాయి పెట్టుకోండి. మామూలు వెలుతురున్న గదిలో 120 నిట్స్ బాగుంటుంది. గామా (మధ్య ఛాయలు ఎంత వెలుగుతో ఉండాలో చెప్పే అంకె) 2.2. మానిటర్ తెలుపును మెనూ అంకెలతోనే లక్ష్యం దగ్గరికి తెచ్చి, మిగిలిన కొద్దిపాటిని పట్టికకు వదలండి. ప్రొఫైల్ భద్రపరిచేటప్పుడు వెర్షన్ అడిగితే 2 ఎంచుకోండి, 4ను కొన్ని ప్రోగ్రాములు సరిగ్గా చదవవు.

ఇవన్నీ సరిగ్గా చేశాక కూడా తేడా మిగలొచ్చు. దానికి కారణం లోతైనది. పరికరం ఛాయను చెప్పే ఎక్స్, వై అంకెలు 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ వెలుతురు సంఘం ఖరారు చేసిన "సగటు కన్ను" లెక్కలోవి. ఆ సగటు కన్ను రైట్, గిల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. రెండిటిలో కలిపి చూసినవాళ్లు 17 మంది. ఆ లెక్కలో నీలం, ఊదా వైపు కంటికి ఉండే స్పందన అసలుకన్నా తక్కువగా నమోదైంది. 1951లో జడ్ అనే మరో శాస్త్రజ్ఞుడు దానికి సవరణ సూచించారు. కానీ పరిశ్రమ అంతా 1931 అంకెల మీదే నడుస్తోంది. పాత తెరల్లో వెలుగు విశాలంగా పరుచుకుని ఉండేది కాబట్టి ఈ లోపం బయటపడలేదు. ఓలెడ్‌లో, కొత్త వెడల్పు గామట్ బ్యాక్‌లైట్లలో రంగులు సన్నని శిఖరాల్లా ఉంటాయి. అలాంటి రెండు రకాల వెలుగుల అంకెలు కలిసినా కంటికి కలవవు. ఓలెడ్ తెలుపు లేత ఆకుపచ్చగా కనిపించడం తెలిసిన విషయమే. మనిషికీ మనిషికీ కూడా తేడా ఉంటుంది. మీకు ఆకుపచ్చగా అనిపించింది మీ పక్కవారికి అనిపించకపోవచ్చు.

చేయాల్సింది ఇది. రెండిటిలో ఒకదాన్ని ప్రధాన తెరగా నిర్ణయించుకోండి. మీ విషయంలో అది మానిటర్ అనుకుందాం. దాన్ని డీ65కి, అంటే ఎక్స్ 0.3127, వై 0.3290కి కాలిబ్రేట్ చేసి వదిలేయండి. రెండో తెర తెలుపును అంకెలతో కాకుండా కంటితో ప్రధాన తెరకు కలపండి. డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దీనికి విజువల్ వైట్‌పాయింట్ ఎడిటర్ ఉంది. తెర మీద ఒక తెల్ల గడి కనిపిస్తుంది, దాని ఛాయను జరుపుతూ పక్క తెరతో కలిసేదాకా చూడొచ్చు. గదిలో మిగతా దీపాలు తగ్గించి, ఒక్కో మార్పు తర్వాత కంటికి విశ్రాంతినిస్తూ చేయండి. కలిసిందనిపించాక అదే గడి మీద పరికరం పెట్టి కొలవండి. వచ్చిన ఎక్స్, వై అంకెలనే రెండో తెరకు లక్ష్యంగా ఇచ్చి పూర్తి కాలిబ్రేషన్ నడపండి. రిపోర్ట్‌లో దాని తెలుపు డీ65కి దూరంగా ఉందని వస్తుంది. కంగారు పడొద్దు, మీరు కావాలని పెట్టిన దూరమే అది.

ఓలెడ్ తెలుపును ఇలా జరిపేటప్పుడు సాధారణంగా నీలం, గులాబీ వైపు కొద్దిగా వెళ్తుంది. ఎక్స్‌లోనూ వైలోనూ మార్పు మరీ ఎక్కువగా ఉంటే, తెర రకం తప్పు ఎంచుకున్నారేమో ఇంకోసారి చూడండి.

ప్రశ్న: ఒకసారి కాలిబ్రేట్ చేస్తే ఎంతకాలం నిలుస్తుంది?

జవాబు: బ్యాక్‌లైట్ వాడేకొద్దీ మసకబారుతుంది, ఛాయ మారుతుంది. రంగుల మీద ఆధారపడి పనిచేసేవాళ్లు నెలకోసారి, మిగతావాళ్లు రెండు మూడు నెలలకోసారి చేసుకుంటే సరిపోతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసినప్పుడు, మానిటర్‌ను వేరే పోర్ట్‌కు మార్చినప్పుడు మాత్రం అదే రోజు చూసుకోండి. మానిటర్ కొత్త పరికరంలా నమోదై, పాత ప్రొఫైల్ ఊడిపోయి ఉండొచ్చు. ఫుల్ రేంజ్ సెట్టింగ్ కూడా తిరిగి లిమిటెడ్‌కు వెళ్లి ఉండొచ్చు.

ప్రశ్న: రెండు తెరల్లోనూ బాగున్న ఫొటో ప్రింట్‌లో చీకటిగా వస్తోంది.

జవాబు: రెండు తెరలూ కలిసే తప్పు చెబుతున్నాయి, వెలుగు ఎక్కువగా ఉంది. 250 నిట్స్ తెర మీద సరిగ్గా అనిపించేలా ఎడిట్ చేసిన ఫొటో కాగితం మీద చీకటిగానే ఉంటుంది. ప్రింట్ కోసం పనిచేసేటప్పుడు తెరను 80 నుంచి 100 నిట్స్‌కు దించి ఎడిట్ చేయండి. పరికరం లేకపోతే పాత ప్రింట్‌నే కొలబద్ద చేసుకోండి. మంచి వెలుతురులో దాన్ని తెర పక్కన పట్టుకుని, అసలు ఫైల్ తెరిచి, రెండూ ఒకే వెలుగులో కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. ఆ అంకెను మానిటర్‌లో ఖాళీగా ఉన్న యూజర్ మోడ్‌లో భద్రపరుచుకుంటే, ప్రింట్ పని ఉన్నప్పుడల్లా ఒక్క మీటతో అక్కడికి రావొచ్చు.